క్వీన్స్‌ల్యాండ్‌లో అద్దెకిచ్చే ఇల్లు కొనాలి, ఏ వైపు చూడాలి?

సిడ్నీ_సీమబిడ్డ
సిడ్నీలో ఉంటున్నాం, నాకూ మా ఆవిడకూ ఇద్దరికీ పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. ఇక్కడ మా జీతాలకు ఇల్లు అందేలా లేదు. అందుకని మేం అద్దెకే ఉండి, క్వీన్స్‌ల్యాండ్‌లో ఒక ఇల్లు కొని అద్దెకిద్దామని ఆలోచన. బడ్జెట్ ఏడు లక్షల డాలర్ల దగ్గర. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన వారానికో పోస్టర్ పెడతాడు. ఒకసారి గ్లాడ్‌స్టోన్ అంటాడు, ఇంకోసారి లోగన్‌లో కొత్త లేఅవుట్, మరోసారి టౌన్స్‌విల్. ప్రతి దాని కింద "2032 ఒలింపిక్స్ లోపు డబుల్" అని రాసి ఉంటుంది. నేను ఆ రాష్ట్రంలో గోల్డ్ కోస్ట్ తప్ప ఏమీ చూడలేదు. అక్కడ ఉంటున్నవాళ్ళు ఏ ఊరు ఎలా ఉంటుందో, ఏది ఎందుకు వద్దో చెబితే మేలు చేసినవాళ్ళవుతారు.

బ్రిస్బేన్_బాబాయి
ముందు సైజు బుర్రలో పెట్టుకో. ఆంధ్రా, తెలంగాణ రెండూ కలిపినా క్వీన్స్‌ల్యాండ్‌లో ఆరో వంతు ఉండవు. బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్‌కి రోడ్డు మీద 1,700 కిలోమీటర్లు. అంత రాష్ట్రంలో జనం 56 లక్షల చిల్లర, వాళ్ళలో పది మందికి ఏడుగురు ఆగ్నేయం మూలనే ఉంటారు. అందుకే "క్వీన్స్‌ల్యాండ్ మార్కెట్ పెరుగుతోంది" అనే మాటకు అర్థం లేదు. ఏ ముక్క పెరుగుతోందో అడగాలి.

నేను దీన్ని ఇలా చూస్తాను. ఆగ్నేయం: బ్రిస్బేన్, దాని చుట్టూ ఇప్స్‌విచ్, లోగన్, మోర్టన్ బే, కిందికి గోల్డ్ కోస్ట్, పైకి సన్‌షైన్ కోస్ట్. కొండ మీద టూవూంబా. తీరం వెంట పైకి పోతే బండబెర్గ్, గ్లాడ్‌స్టోన్, రాక్‌హాంప్టన్, మకాయ్, టౌన్స్‌విల్, కెయిర్న్స్. లోపలికి పోతే బొగ్గు ఊళ్ళు, ఇంకా లోపల మౌంట్ ఐసా. ఒక్కో ఊళ్ళో అద్దె కట్టే మనిషి వేరు. కెయిర్న్స్‌లో హోటల్ ఉద్యోగి, టౌన్స్‌విల్‌లో సైనికుడో నర్సో, మొరాన్‌బాలో గని కార్మికుడు. ఇల్లు చూసే ముందు ఆ మనిషి ఉద్యోగం ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడు.

పాలమూరు_పోరడు
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ ఒలింపిక్స్ సంగతి తీసేయకండి. 2021లోనే బ్రిస్బేన్‌కి ఖాయమైంది. స్టేడియం విక్టోరియా పార్కులో కడతామని 2025 మార్చిలో ప్రకటించారు. క్రాస్ రివర్ రైలు సొరంగం పని నడుస్తోంది. అంత డబ్బు దిగితే ధరలు కదలకుండా ఎలా ఉంటాయి?

లెక్కల_మాస్టారు
@పాలమూరు_పోరడు కదులుతాయి. అయితే అందరికీ తెలిసిన వార్త ధరలో ముందే కలిసిపోతుంది కదా. 2021 నుంచి కొన్నవాళ్ళంతా ఆ లెక్క వేసుకునే కొన్నారు. పైగా స్టేడియం బ్రిస్బేన్ నడిబొడ్డున వస్తుంది. దాన్ని చూపించి 500 కిలోమీటర్ల అవతల గ్లాడ్‌స్టోన్‌లో ఇల్లు అమ్మడం ఏం న్యాయం?

గోదారి_గట్టు
నేను 2022 ఫిబ్రవరిలో గుడ్నాలో అద్దెకు ఉన్నాను. ఇప్స్‌విచ్ కౌన్సిల్ కిందికి వస్తుంది, బ్రిస్బేన్‌కి రైలు ఉంది, అద్దె తక్కువ. శనివారం అంతా వాన. రాత్రికి వీధి చివర నీళ్ళు, తెల్లారేసరికి పక్క వీధిలో ఇళ్ళ కప్పులే కనిపించాయి. అదే చోట 1974లో, 2011లో కూడా మునిగింది. ఆ తర్వాత ప్రభుత్వమే స్వచ్ఛందంగా అమ్మేవాళ్ళ ఇళ్ళు కొని పడగొట్టింది, గుడ్నాలో అలా ఖాళీ అయిన స్థలాలు వరసగా కనిపిస్తాయి.

చెప్పేదేమిటంటే, అదే గుడ్నాలో మిట్ట మీద ఉన్న ఇళ్ళకు చుక్క నీరు రాలేదు. సబర్బ్ పేరు చూసి మంచిదనీ చెడ్డదనీ అనుకోవద్దు, ఇంటి నంబరు పట్టుకుని చూడండి. బ్రిస్బేన్ కౌన్సిల్ పరిధిలో అయితే ఫ్లడ్‌వైజ్ రిపోర్టు ఉచితంగా వస్తుంది. మిగతా చోట్ల ఆయా కౌన్సిళ్ళ వరద మ్యాపులు, రాష్ట్రం పెట్టిన ఫ్లడ్‌చెక్ మ్యాపు ఉన్నాయి. నది ఒక్కటే చూస్తే చాలదు, వాగు పొంగడం, వాననీరు రోడ్డు మీదుగా ఇంట్లోకి రావడం కూడా చూడాలి.

సిడ్నీ_సీమబిడ్డ
@గోదారి_గట్టు అన్నా, ఇది నాకు అసలు తట్టలేదు. అమ్మేవాడు ఇది చెప్పాలి కదా? కొత్త చట్టం ఏదో వచ్చిందని విన్నాను.

వనజ_వకీలు
వచ్చింది. 2025 ఆగస్టు 1 నుంచి క్వీన్స్‌ల్యాండ్‌లో అమ్మేవాళ్ళు సంతకానికి ముందే ఫారం 2 అనే వివరాల పత్రం ఇవ్వాలి. టైటిల్, రేట్లు (కౌన్సిల్ పన్ను), జోనింగ్, ఈత కొలను సర్టిఫికెట్ లాంటివి అందులో ఉంటాయి. కానీ వరద చరిత్ర చెప్పాలని లేదు. చెదల గురించీ ఆస్బెస్టాస్ (పాత ఇళ్ళ గోడల్లో, కప్పుల్లో వాడిన హానికర పదార్థం) గురించీ కూడా లేదు. అంటే ఆ మూడూ మీరే కనుక్కోవాలి. ఫారం ఇచ్చారు కదా అని ధీమాగా ఉండొద్దు.

ఇంకొకటి, సిడ్నీ నుంచి కొనేవాళ్ళకు తెలియనిది. ఇక్కడ మామూలుగా వాడే కాంట్రాక్టులో, సంతకాలు అయిన తర్వాతి పనిదినం సాయంత్రం 5 గంటల నుంచి ఇంటి రిస్కు కొన్నవాళ్ళది. తాళాలు చేతికి రాకముందే అన్నమాట. కాబట్టి ఇన్సూరెన్స్ కోట్ సంతకానికి ముందే సిద్ధంగా ఉండాలి, సంతకం రోజే పాలసీ మొదలవ్వాలి. తుఫాను బయల్దేరిందని వార్త వచ్చాక కొత్త పాలసీలు ఆపేసే కంపెనీలున్నాయి.

ఆలోచించుకోవడానికి ఐదు పనిదినాల కూలింగ్ ఆఫ్ ఉంటుంది, వెనక్కి తగ్గితే ధరలో 0.25 శాతం దాకా పట్టుకోవచ్చు. వేలంలో కొంటే అదీ లేదు. ఈ రాష్ట్రంలో కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ కాగితాల పని మాత్రమే చేసేవాళ్ళు) లైసెన్సులు లేవు, రిజిస్ట్రేషన్ పని సొలిసిటరే చూడాలి. అమ్మే ఏజెంటు చెప్పిన సొలిసిటర్ని పెట్టుకోవద్దు.

చీరాల_టు_చెర్మ్‌సైడ్
వనజ గారూ, ఇది విడిగా పిన్ చేయాల్సిన పోస్టు.

ఒంగోలు_ఇంజనీరు
గ్లాడ్‌స్టోన్ గురించి నేను చెబుతాను, కర్టిస్ ఐలండ్ గ్యాస్ ప్లాంట్ల నిర్మాణంలో పనిచేశాను. ఒకేసారి మూడు ఎల్‌ఎన్‌జీ ప్లాంట్లు కట్టారక్కడ. వేలమంది మనుషులు ఒక చిన్న ఊరి మీద పడ్డారు. అద్దెలు ఇంటి విలువతో పొంతన లేకుండా పోయాయి, మాకు కంపెనీ కట్టేది కాబట్టి ఎవరూ బేరమాడేవాళ్ళు కాదు. సిడ్నీ, మెల్‌బోర్న్ నుంచి కొనేవాళ్ళు విమానాల్లో వచ్చేవాళ్ళు. 2014 చివర, 2015లో ప్లాంట్లు గ్యాస్ పంపడం మొదలుపెట్టాయి. కట్టడానికి కావలసిన మనుషుల్లో నడపడానికి కావలసినవాళ్ళు కొద్దిమందే. మా బ్యాచ్ అంతా సర్దుకుని వెళ్ళిపోయాం. మా వీధిలో కొత్త ఇళ్ళకు లాన్ కోసేవాళ్ళు కూడా లేరు. అద్దెలు సగానికి పైగా పడ్డాయి, ధరలు కోలుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొరాన్‌బాలో ఇంకా ఘోరం. 2012 ప్రాంతంలో అక్కడ మామూలు ఇల్లు ఏడు లక్షల పైన పలికింది, బొగ్గు ధర పడ్డాక దానిలో చిన్న ముక్క మిగిలింది.

చెరకుతోట_మకాయ్
ఒక్క గ్లాడ్‌స్టోన్ కథ చెప్పి ఉత్తరం అంతా బొందల గడ్డ అనడం నాకు నచ్చదు. మకాయ్‌లో ఉంటున్నాను, చక్కెర మిల్లులో పని. మా ఊరికీ 2012 తర్వాత దెబ్బ తగిలిన మాట నిజమే, బోవెన్ బేసిన్ బొగ్గు గనుల రిపేరు వర్క్‌షాపులన్నీ ఇక్కడే కదా. అయితే చెరకు ఉంది, పోర్టు ఉంది, పెద్దాసుపత్రి ఉంది. గ్లాడ్‌స్టోన్‌లో కూడా అల్యూమినా రిఫైనరీలు, స్మెల్టర్, పోర్టు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. ఆ బూమ్‌లో కొనడం వేరు, మామూలు ధరకు కొనడం వేరు. బ్రిస్బేన్‌లో ఏడు లక్షలకు ఇల్లు వెతకమనండి చూద్దాం.

ఒంగోలు_ఇంజనీరు
@చెరకుతోట_మకాయ్ ఉత్తరం అంతా అనలేదు తమ్ముడూ. ఒకే పరిశ్రమ మీద నిలబడ్డ ఊరు అన్నాను. మౌంట్ ఐసా చూడు, భూగర్భ రాగి గని 2025 జూలైలో మూసేశారు. అక్కడ అద్దె రాబడి శాతం కాగితం మీద ఇప్పటికీ ఆకర్షణగానే కనిపిస్తుంది. ఇంకో విషయం, బ్యాంకులకు కూడా ఈ భయం ఉంది. కొన్ని గని ఊళ్ళ పోస్ట్‌కోడ్లకు 80 శాతం అప్పు ఇవ్వరు, ఇంకా ఎక్కువ డిపాజిట్ అడుగుతారు. బ్యాంకు వెనకాడే చోట నువ్వు ముందుకెళ్ళడం దేనికి?

టౌన్స్‌విల్_నర్సు
టౌన్స్‌విల్ ఒక్క పరిశ్రమ ఊరు కాదు. లావరాక్ సైనిక శిబిరం, యూనివర్సిటీ హాస్పిటల్, జేమ్స్ కుక్ యూనివర్సిటీ, పోర్టు ఉన్నాయి. 2016లో యాబులూ నికెల్ రిఫైనరీ మూతపడ్డప్పుడు ఊరు బాగా నలిగింది, తర్వాత లేచింది. సైనికుల కుటుంబాలు అద్దెకు దొరికితే సమయానికి డబ్బు వస్తుంది, బదిలీ అయితే ఇంకో కుటుంబం వస్తుంది.

కానీ ఇక్కడ అసలు టెన్షన్ ఇన్సూరెన్స్. ప్రీమియం చూస్తే సిడ్నీవాళ్ళు తప్పు అంకె అనుకుంటారు. 2022 జూలైలో కేంద్రం తుఫానుల కోసం రీఇన్సూరెన్స్ పూల్ (ఇన్సూరెన్స్ కంపెనీల నష్టాలకే బీమా ఇచ్చే నిధి) పెట్టింది, దానితో కొందరికి తగ్గింది, అందరికీ కాదు. పైగా 2019 ఫిబ్రవరి వరద గుర్తుంచుకోండి. రాస్ రివర్ డ్యామ్ గేట్లు పూర్తిగా ఎత్తారు, ఐడాలియా లాంటి చోట్ల కొత్త ఇళ్ళలోకే నీళ్ళొచ్చాయి. డ్యూటీకి రావడానికి పడవ ఉంటే బాగుండు అనుకున్నాం మా వార్డులో సగం మందిమి ఆ రెండు రోజులు.

ఆ ఇంటికి ఇన్సూరెన్స్ ఎంతో ఆన్‌లైన్‌లో అడ్రసు కొట్టి చూడండి. మునిగే చోటు అయితే ఆ అంకెలోనే తెలిసిపోతుంది.

లెక్కల_మాస్టారు
ఆ చివరి మాట నేను ఇంకో నాలుగుసార్లు చెబుతాను.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు ఇల్లు 7 లక్షలు, అద్దె వారానికి 600 అనుకుందాం. ఏడాదికి 31,200, అంటే 4.5 శాతం లోపే. 80 శాతం అప్పు 5.6 లక్షలు, 6 శాతం వడ్డీ అనుకుంటే 33,600. వడ్డీ దగ్గరే 2,400 తక్కువొచ్చింది. మేనేజ్‌మెంట్ ఫీజు, కౌన్సిల్ రేట్లు, నీళ్ళు, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి 11,000 వేసుకో. ఏడాదికి 13,400 నీ జేబులోంచి. వారానికి 258. రెండు వారాలు ఇల్లు ఖాళీగా ఉంటే ఇంకో 1,200. పన్నులో కొంత వెనక్కి వచ్చినా ముందు కట్టాల్సింది నువ్వే. సిడ్నీలో అద్దె కడుతూ ఇది కూడా కట్టగలవా అన్నది మీ ఇద్దరూ కూర్చుని చూసుకోవాల్సిన విషయం. బ్యాంకు కూడా అసలు వడ్డీకి మూడు శాతం కలిపి నువ్వు తట్టుకుంటావా అని చూస్తుంది.

ల్యాండ్ ట్యాక్స్ విషయంలో మాత్రం నీకు కొంత ఊరట. వ్యక్తుల పేరు మీద ఉంటే 6 లక్షల డాలర్ల భూమి విలువ దాకా ఏమీ లేదు. ఇంటి ధర కాదు, భూమి విలువ ఒక్కటే, అదీ జూన్ 30 నాటికి నీ పేరున ఉన్నది. ట్రస్టు పేరు మీద కొంటే హద్దు 3.5 లక్షలే. ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని ట్రస్టు పెట్టకు.

పాలమూరు_పోరడు
వేరే రాష్ట్రంలో ఉన్న భూమి కూడా కలుపుతారని విన్నాను మాస్టారూ?

లెక్కల_మాస్టారు
2022లో అలా చట్టం చేశారు, గొడవ జరిగి అదే ఏడాది సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు కలపరు.

స్ప్రింగ్‌ఫీల్డ్_సుబ్బు
ఇప్స్‌విచ్ అంటే గుడ్నా వరద ఒక్కటే కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్ ప్లాన్ చేసి కట్టిన పట్టణం, 2013 నుంచి రైలు ఉంది, యూనివర్సిటీ, హాస్పిటల్, మాల్ అన్నీ నడిచే దూరంలో. మనవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు, ఉగాదికి పచ్చడి ఇంటింటికీ తిరుగుతుంది. కానీ ఏడు లక్షలకు ఇక్కడ ఇల్లు కష్టం, టౌన్‌హౌస్ దొరకొచ్చు. టౌన్‌హౌస్ అయితే బాడీ కార్పొరేట్ (ఓనర్ల సంఘం) ఫీజు ఎంతో, సింకింగ్ ఫండ్‌లో (పెద్ద రిపేర్లకు దాచే నిధి) ఎంత ఉందో చూడండి.

రిప్లీ వైపు చవక అంటారు. అక్కడ రైలు లేదు. ఇంకా వేలకు వేలు ప్లాట్లు వేయడానికి భూమి ఉంది. మీ ఇల్లు అద్దెకు పెట్టే రోజున అదే వీధిలో అలాంటివే పది ఇళ్ళు అద్దెకు ఉంటాయి.

విశాఖ_విహారి
లోగన్‌లో యారబిల్బా, ఫ్లాగ్‌స్టోన్ కూడా అంతే. ఆ వాట్సాప్ పోస్టర్లలో వచ్చేవి ఎక్కువ ఇవే. ఎందుకో చెబుతా. పాత ఇల్లు కొనిపిస్తే మధ్యవాడికి ఏమీ రాదు. కొత్త ఇల్లూ స్థలమూ కలిపి అమ్మే ప్యాకేజీలో బిల్డరు వాడికి కమీషన్ ఇస్తాడు, అది నీ ధరలోనే ఉంటుంది. నన్ను ఒకాయన బాగా నమ్మించబోయాడు, మన ఊరివాడే, అన్నా అన్నా అంటూ ఇంటికొచ్చి భోంచేశాడు. "ఈ ఇంటి మీద నీకు బిల్డరు ఎంత ఇస్తాడో రాసిస్తావా" అని అడిగాను. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1990ల్లో గోల్డ్ కోస్ట్‌లో వేరే రాష్ట్రాలవాళ్ళను విమానంలో రప్పించి, స్థానికులకు ఒక ధర, బయటివాళ్ళకు ఇంకో ధర పెట్టి ఫ్లాట్లు అమ్మారు. ఇప్పుడు విమానం బదులు వాట్సాప్, అంతే.

సిడ్నీ_సీమబిడ్డ
@విశాఖ_విహారి ఇవాళే మా గ్రూపులో ఆయనకు అదే ప్రశ్న పెట్టాను. ఇంకా జవాబు లేదు.

మోర్టన్ బే వైపు, టూవూంబా గురించి ఎవరూ మాట్లాడలేదు?

చీరాల_టు_చెర్మ్‌సైడ్
మోర్టన్ బే నాకు ఇష్టం. 2016లో పెట్రీ నుంచి కిప్పా-రింగ్ దాకా రైలు వచ్చింది, మ్యాంగో హిల్, నార్త్ లేక్స్ దాంతో బాగా ఎదిగాయి. పెట్రీలో పాత కాగితం మిల్లు స్థలంలో 2020లో యూనివర్సిటీ తెరిచారు. అవన్నీ మీ బడ్జెట్ దాటిపోయాయి అనుకుంటా. ఇంకా పైకి కబుల్చర్, మోరేఫీల్డ్ చూడండి. పాత ఇళ్ళు, పెద్ద స్థలాలు, రైలు స్టేషన్. కబుల్చర్ నదికి దూరంగా మాత్రమే.

బ్రిస్బేన్_బాబాయి
టూవూంబా నేను చెబుతా, మా అమ్మాయి అక్కడ టీచరు. బ్రిస్బేన్‌కి పడమర 125 కిలోమీటర్లు, 700 మీటర్ల ఎత్తు. చలికాలంలో మన అరకు గుర్తొస్తుంది. పొలాల ఊరు, దానికి తోడు హాస్పిటళ్ళు, బోర్డింగ్ స్కూళ్ళు, యూనివర్సిటీ. 2014లో వెల్‌క్యాంప్ విమానాశ్రయం ప్రైవేటువాళ్ళు కట్టారు, 2019లో బైపాస్ వచ్చాక లారీలు ఊళ్ళోంచి పోవడం తగ్గింది. ధర మెల్లగా కదిలే ఊరు, అందుకే నాకు నచ్చుతుంది. కొండ మీద కదా వరద ఉండదు అనుకోవద్దు, 2011 జనవరిలో ఊరి నడిమధ్య వాగు నిమిషాల్లో పొంగి మనుషులు పోయారు. ఈస్ట్ క్రీక్, వెస్ట్ క్రీక్ పక్కన వద్దు.

కరీంనగర్_కెయిర్న్స్
టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు కొనొచ్చా? మా తమ్ముడు 482 వర్క్ వీసా మీద ఉన్నాడు. మా నాయన ఊళ్ళో ప్లాటు అమ్మి పంపుతా అంటున్నాడు.

వనజ_వకీలు
2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా విదేశీయులు పాత ఇళ్ళు కొనకుండా కేంద్రం నిషేధం పెట్టింది, టెంపరరీ వీసాలు కూడా అందులోకే వస్తాయి. కొత్త ఇల్లు అయితే ఎఫ్ఐఆర్‌బీ (విదేశీ పెట్టుబడులను పరిశీలించే బోర్డు) అనుమతి తీసుకుని కొనొచ్చు. కానీ క్వీన్స్‌ల్యాండ్ మామూలు స్టాంపు డ్యూటీ మీద ఇంకో 8 శాతం వేస్తుంది. ఆరు లక్షల ఇంటికి 48 వేలు. పీఆర్ వచ్చేదాకా ఆగమని చెప్పండి.

నాన్నగారు పంపే డబ్బుకు భారత్ వైపు ఏడాదికి 2.5 లక్షల అమెరికన్ డాలర్ల హద్దు ఉంది. బ్యాంకు ద్వారానే రావాలి, గిఫ్టు అని కాగితం ఉండాలి. లోన్ ఇచ్చే బ్యాంకు అది అడుగుతుంది.

కరీంనగర్_కెయిర్న్స్
థ్యాంక్స్ అక్కా. కెయిర్న్స్ గురించి ఒక మాట. టూరిజం ఆగితే ఊరు ఆగుతుంది, కోవిడ్‌లో చూశాం. 2023 డిసెంబరులో జాస్పర్ తుఫానుకు విమానాశ్రయం రన్‌వే మీదే నీళ్ళు. ఇక్కడి యూనిట్లలో (ఫ్లాట్లు) కొన్నింటికి బాడీ కార్పొరేట్ ఇన్సూరెన్స్ వాటా అద్దెలో పెద్ద భాగం తినేస్తుంది. చవకగా ఉంది అంటే అందుకే.

గోదారి_గట్టు
అద్దెకు ఉండే మనిషి వైపు నుంచి ఒక మాట అంటాను, ఎవరూ ఏమనుకోవద్దు. ఇల్లంటే స్ప్రెడ్‌షీట్‌లో గడి కాదు, లోపల ఒక కుటుంబం ఉంటుంది. ఇక్కడ అద్దె 12 నెలలకు ఒకసారే పెంచాలి. 2024 జూన్ నుంచి ఆ లెక్క ఇంటికే వర్తిస్తుంది, అద్దెవాళ్ళను మార్చి పెంచుదామంటే కుదరదు. 2022 నుంచి అద్దె ఇళ్ళలో ఒకదానితో ఒకటి కలిసి మోగే స్మోక్ అలారాలు తప్పనిసరి. ఇవి భారం అనుకునేవాళ్ళు దయచేసి కొనొద్దు. మా పాత ఏజెంటుకు కప్పు కారుతోందని వానాకాలం అంతా చెప్పాను, ఓనరు ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు అనేవాళ్ళు. దూరం నుంచి కొనేవాళ్ళు మేనేజరును ఎంచుకోవడంలో ఇల్లు ఎంచుకున్నంత జాగ్రత్త పడాలి.

చెరకుతోట_మకాయ్
@గోదారి_గట్టు వంద లైకులు. మా వీధిలో కూడా దూరపు ఓనర్ల ఇళ్ళు చూస్తే తెలిసిపోతాయి, గట్టర్ నిండా ఆకులు.

సిడ్నీ_సీమబిడ్డ
అందరి మాటా రాసుకున్నాం. గ్లాడ్‌స్టోన్, కొత్త లేఅవుట్లు పక్కన పెట్టాం. కబుల్చర్, మోరేఫీల్డ్‌లో పాత ఇటుక ఇళ్ళు చూస్తున్నాం, రెండోది టూవూంబా. వచ్చే నెల ఇద్దరం వెళ్తున్నాం. మోరేఫీల్డ్‌లో ఒక ఇల్లు నచ్చింది, 1980ల నాటిది, స్టేషన్‌కి దగ్గర, వెనక చిన్న కాలువ లాంటిది ఉంది. ఏజెంటు అది "డ్రైనేజీ రిజర్వు, ఎప్పుడూ ఎండే ఉంటుంది" అంటున్నాడు.

గోదారి_గట్టు
మోర్టన్ బే కౌన్సిల్ సైట్‌లో ఆ అడ్రసుకు వరద రిపోర్టు తీసుకో. ఆ కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో మ్యాపులో చూడు. వెళ్ళినప్పుడు రెండు పక్కల ఇళ్ళవాళ్ళనూ 2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడుగు.

వనజ_వకీలు
1980ల ఇల్లు అంటే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బిల్డింగ్ అండ్ పెస్ట్ ఇన్స్పెక్షన్ (కట్టడం, చెదల తనిఖీ) షరతు, ఫైనాన్స్ (లోన్ వస్తేనే కొంటాం అనే) షరతు రెండూ కాంట్రాక్టులో పెట్టించి సంతకం చేయండి.

టౌన్స్‌విల్_నర్సు
ఇన్సూరెన్స్ కోట్ ఇవాళ రాత్రే తీయండి, వెళ్ళేదాకా ఆగక్కర్లేదు. రెండు మూడు కంపెనీలవి తీసి, వరద కవర్ ఉన్నదీ లేనిదీ తేడా ఎంతో ఇక్కడ పెట్టండి.